వెనక్కి దారి లేని అప్‌డేట్

ఎడిటింగ్, డిజైన్, మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో బగ్గులు ఉంటాయన్నది నా ఫిర్యాదు కాదు. అంత పెద్ద ప్రోగ్రాముల్లో తప్పులు దొర్లుతాయి, దిద్దుకుంటూ పోతారు. నా కోపమంతా ఒక్క విషయం మీదే. పూర్తికాని వెర్షన్‌ను పూర్తయిందని చెప్పి చేతిలో పెడతారు. దాన్ని ఒక్కసారి వాడామా, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్ళే వీలే ఉండదు. బగ్ వచ్చినా పాత వెర్షన్‌లో ప్రాజెక్టు తెరుచుకుంటే ఒక పూట పోతుంది. తెరుచుకోకపోతే పని ఇచ్చిన పార్టీకి చెప్పిన మాట పోతుంది.

హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసఫ్‌గూడ, అమీర్‌పేట సందుల్లో రెండు మూడు సిస్టమ్‌లతో నడిచే ఎడిటింగ్ రూములు ఎన్నో. సీజన్‌లో వాళ్ళ పనికి గడువు పెట్టేది పంచాంగం. రిసెప్షన్ సాయంత్రం ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద ప్రీవెడ్డింగ్ వీడియో ఆడాల్సిందే. సాఫ్ట్‌వేర్ క్రాష్ అయిందని ముహూర్తం వాయిదా పడదు. పైగా ఒకే పెళ్ళి పని నాలుగైదు చేతులు మారుతుంది. హార్డ్ డిస్క్ కెమెరావాళ్ళ దగ్గర్నుంచి ఎడిటర్‌కు, ప్రాజెక్టు ఎడిటర్ నుంచి టైటిల్స్, గ్రాఫిక్స్ చేసేవాళ్ళకు, ఫొటోలు ఆల్బమ్ డిజైనర్‌కు, అక్కణ్ణుంచి ప్రింటింగ్ ల్యాబ్‌కు. ఈ వరసలో ఒక్కరు కొత్త వెర్షన్ వేసుకుంటే మిగతావాళ్ళూ వేసుకోక తప్పదు. కొత్త ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు కదా. అంటే అప్‌డేట్ చేసుకోవాలా వద్దా అన్నది చాలామంది చేతుల్లో లేని విషయం.

అసలు ఇది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. అడోబీ కంపెనీ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో పాత ప్రాజెక్టును కొత్త పెద్ద వెర్షన్‌లో తెరవబోతే, దీన్ని కన్వర్ట్ చేయాలి, కొత్త పేరు ఇవ్వండి అని అడుగుతుంది. కొత్త పేరు ఇస్తే పాత ఫైలు అలాగే మిగులుతుంది. తొందరలో అదే పేరు మీద ఓవర్‌రైట్ చేస్తే పాతది గంగలో కలిసినట్టే. కొత్త వెర్షన్‌లో మూడు రోజులు పని సాగాక ఎక్స్‌పోర్ట్ దగ్గర బగ్ బయటపడిందనుకోండి. అప్పుడు ఎడిటర్ దగ్గర ఉండేవి రెండే: మూడు రోజుల కిందటి పాత ఫైలు, ముందుకు కదలని కొత్త ఫైలు. మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌లో ఇంకో చిక్కుంది. అక్కడ ప్రాజెక్టులు విడివిడి ఫైళ్ళుగా కాకుండా ఒక ప్రాజెక్ట్ లైబ్రరీలో ఉంటాయి. కొన్ని పెద్ద వెర్షన్లు ఆ లైబ్రరీనే అప్‌గ్రేడ్ చేయమంటాయి. చేశాక పాత రిజాల్వ్ ఆ లైబ్రరీని ముట్టుకోదు. విండోస్‌లో కొత్త రిజాల్వ్ ఇన్‌స్టాల్ చేస్తే పాతదాని స్థానంలోకే వచ్చి కూర్చుంటుంది, రెండూ పక్కపక్కన ఉండవు.

ఈ అడ్డుగోడ నిజంగా ఎంత ఎత్తుందో ప్రీమియర్ ఫైలు విప్పి చూస్తే తెలుస్తుంది. ఆ ప్రాజెక్టు ఫైలు జీజిప్ పద్ధతిలో కుదించిన మామూలు ఎక్స్‌ఎంఎల్ టెక్స్ట్. కాపీ తీసి సెవెన్‌జిప్‌తో విప్పి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిస్తే, మొదట్లోనే ప్రాజెక్ట్ అన్న ట్యాగ్ దగ్గర వెర్షన్ అని ఒక నంబరు కనిపిస్తుంది. దాన్ని 1 చేసి సేవ్ చేస్తే పాత ప్రీమియర్ ఆ ఫైలును తనకంటే పాతదనుకుని చాలాసార్లు తెరిచేస్తుంది. కొత్త వెర్షన్‌లో మాత్రమే ఉన్న ఎఫెక్టులు పోతాయి, టైటిల్స్ కొన్ని చెదురుతాయి, కానీ కట్స్ అన్నీ వాటి చోట్లోనే ఉంటాయి. ఎడిటర్లు ఏళ్ళ తరబడి ఈ చిట్కాతో గట్టెక్కుతున్నారు. కంపెనీవాళ్ళే ఈ పనిని మెనూలో పెట్టి, ఫలానా ఎఫెక్టులు పోతాయని ముందే చెబితే ఎంత బాగుండేది! అదే అడోబీ తన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో సేవ్ యాజ్ కింద పాత వెర్షన్‌కు కాపీ సేవ్ చేసుకునే ఏర్పాటు పెట్టింది. ఫొటోషాప్ ఫైలు పీఎస్‌డీ సంగతీ తెలిసిందే. కొత్తదాంట్లో సేవ్ చేసిన ఫైలు కూడా పాత ఫొటోషాప్‌లో తెరుచుకుంటుంది, తెలియని భాగాలుంటే హెచ్చరిక ఇస్తుంది. ఆల్బమ్ డిజైనర్లు ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్‌లో మాగ్జిమైజ్ కంపాటిబిలిటీని ఆల్వేస్‌లో పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. కాబట్టి వెనక్కి దారి ఉంచడం సాంకేతికంగా కుదరని పనేమీ కాదు.

పెద్ద కంపెనీలు చేసినవి

తొందరపాటు విడుదలకు అందరికీ గుర్తున్న ఉదాహరణ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో టెన్. 2011 జూన్‌లో ఆపిల్ దాన్ని విడుదల చేసినప్పుడు పాత ఫైనల్ కట్ 7 ప్రాజెక్టులు తెరిచే వీలు లేదు. పలు కెమెరాల ఫుటేజ్‌ను ఒకేసారి ఎడిట్ చేసే మల్టీక్యామ్ లేదు. ఎడిట్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌కు పంపే ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్ ఫైళ్ళు లేవు. బయటి బ్రాడ్‌కాస్ట్ మానిటర్‌కు సరైన అవుట్‌పుట్ లేదు. టైమ్‌లైన్ ఆలోచన కొత్తది, వేగం కూడా బాగుంది. కానీ ఎడిటింగ్ పూర్తయ్యాక సౌండ్‌కూ డీఐకీ (రంగులు సరిచేసే పనికి) పంపాల్సిన పనికి అది పనికిరాదు. అన్నిటికంటే చేటు చేసింది, అదే రోజున పాత వెర్షన్ అమ్మకం ఆపేయడం. గొడవయ్యాక పాతదాన్ని మళ్ళీ అమ్మారు. ఎక్స్‌ఎంఎల్ ఆ సెప్టెంబరులో వచ్చింది, మల్టీక్యామ్ 2012 జనవరిలో. అదే సాఫ్ట్‌వేర్ తర్వాత మంచి పరికరమైంది. ఆ ఏడు నెలలూ ఫైనల్ కట్ 7 పక్కనే అమ్ముడవుతూ ఉంటే అంత రగడ జరిగేదే కాదు.

అది ఫీచర్లు లేకపోవడం. ఫైళ్ళే పోవడం వేరు. 2016 ఫిబ్రవరిలో మ్యాక్ మీద అడోబీ సాఫ్ట్‌వేర్ల యాప్ క్రియేటివ్ క్లౌడ్ అప్‌డేట్ ఒకటి, డిస్క్ మొదటి స్థాయిలో అక్షర క్రమంలో ముందున్న ఫోల్డర్‌లోని సరుకును తుడిచేసింది. బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ సర్వీసు వాడేవాళ్ళకు ఆ మొదటి ఫోల్డర్ ఆ బ్యాకప్‌దే అయింది. 2020 ఆగస్టులో ఐఫోన్, ఐప్యాడ్‌లలో అడోబీ ఫొటో యాప్ లైట్‌రూమ్ 5.4 అప్‌డేట్‌తో, క్లౌడ్‌కు ఇంకా ఎక్కని ఫొటోలు, ప్రీసెట్లు పోయాయి. వెంటనే 5.4.1 ఇచ్చారు గానీ పోయినవి తిరిగి రావని కంపెనీయే చెప్పింది.

వీటిలో మన ఎడిటర్లు జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సింది 2017 నాటి ప్రీమియర్ బగ్. ప్రీమియర్ వీడియోలు వేగంగా చూపించడానికి మీడియా క్యాష్ అని తాత్కాలిక ఫైళ్ళు తయారు చేసుకుంటుంది. సీ డ్రైవ్ నిండిపోతుందని చాలామంది ఆ క్యాష్‌ను వీడియోలున్న డ్రైవ్‌కే మారుస్తారు, కొందరు ఏకంగా వీడియోలున్న ఫోల్డర్‌నే చూపిస్తారు. 11.1 వెర్షన్‌లో క్లీన్ నొక్కితే అది తన తాత్కాలిక ఫైళ్ళతో ఆగకుండా, ఆ చోట ఉన్న మిగతా ఫైళ్ళను కూడా చెరిపేసింది. రీసైకిల్ బిన్‌లోనూ ఉండవు. 11.1.1లో సరిచేశారు, ఈలోపు నష్టపోయిన ఒక అమెరికన్ వీడియోగ్రాఫర్ 2018లో కోర్టుకెక్కాడు. తాత్కాలిక ఫైళ్ళు తుడిచే మీట, తాను తయారు చేయని ఫైలు జోలికి పోకూడదన్నది ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు. అది కూడా పరీక్షించకుండా బయటికి వచ్చిందంటే విడుదల తేదీయే గెలిచింది, పరీక్ష ఓడింది. ఆ బగ్ పోయినా ఒక అలవాటు చేసుకోండి. క్యాష్‌కు ప్రత్యేకంగా ఖాళీ ఫోల్డర్, వీలైతే వేరే ఎస్‌ఎస్‌డీ. రషెస్ (కెమెరా నుంచి వచ్చిన అసలు వీడియోలు) ఉన్న డ్రైవ్ మీద ఏ సాఫ్ట్‌వేర్ క్యాష్‌నూ పెట్టకండి.

తేదీ ముందు, పరీక్ష తర్వాత

ఇలా ఎందుకు జరుగుతుందంటే విడుదల తేదీ ముందే ఖాయమై ఉంటుంది. ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో ప్రసార, వీడియో రంగాల ఎన్‌ఏబీ ప్రదర్శన, అడోబీవాళ్ళకు ఏటా మాక్స్ సభ, ఇది చాలా ఏళ్ళుగా అక్టోబరు చుట్టుపక్కల జరుగుతోంది. వేదిక మీద చూపించడానికి కొత్త ఫీచర్ కావాలి. పాత బగ్ దిద్దామంటే అక్కడ చప్పట్లు రావు. ఆ రెండు తేదీలూ మనకు ఎప్పుడు పడుతున్నాయో చూడండి. ఏప్రిల్ అంటే చైత్ర, వైశాఖాల పెళ్ళిళ్ళు. అక్టోబరు వెళ్తే కార్తీక మాసం. వాళ్ళ కొత్త వెర్షన్ల కాలమూ మన ముహూర్తాల కాలమూ ఒక్కటే.

చందా పద్ధతి దీన్ని ఇంకా ముదిరేలా చేసింది. 2013 మేలో అడోబీ ఇకపై ఒకసారి కొనుక్కునే సీఎస్ (క్రియేటివ్ సూట్) డబ్బాలు ఉండవని, అంతా క్రియేటివ్ క్లౌడ్ చందాయేనని ప్రకటించింది. అంతకుముందు కొత్త వెర్షన్ నచ్చకపోతే కొనడం మానేసేవాళ్ళం, కంపెనీకి అదే భయం. ఇప్పుడు డబ్బు ముందే వెళ్ళిపోతుంది. 2019 మేలో పాత వెర్షన్ల డౌన్‌లోడ్‌ను చివరి రెండు పెద్ద వెర్షన్లకే పరిమితం చేశారు. అంతకన్నా పాతవి వాడే హక్కు లేదంటూ కొందరికి మెయిళ్ళు కూడా వెళ్ళాయి. నెలనెలా అద్దె కడుతున్నవాడికి, నిన్నటిదాకా బాగా పనిచేసిన వెర్షన్ మీద కూడా హక్కు లేదనడం నాకు ఏ విధంగానూ న్యాయంగా తోచదు.

చందా వల్లనే బగ్గులు వారాల్లో సరవుతున్నాయని కంపెనీల తరఫున ఒక వాదన ఉంది. అందులో నిజముంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మరమ్మతు విడిగా రాదు. కొత్త ఫీచర్లతో కలిపి ఒకే మూటలో వస్తుంది. ఆడియో సింక్ బగ్ పోతుందని అప్‌డేట్ చేస్తే కొత్త టైటిల్ ప్యానెల్ వచ్చి టెంప్లేట్లన్నీ చెదురుతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. మరమ్మతునూ ఫీచరునూ విడదీయడం కష్టమేమీ కాదని ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ చూపించింది. 2020లో 2.83తో మొదలుపెట్టి కొన్ని వెర్షన్లను దీర్ఘకాలపు వెర్షన్లుగా ప్రకటిస్తోంది. రెండేళ్ళపాటు వాటికి బగ్ సవరణలు మాత్రమే ఇస్తారు, ఫీచర్లు కలపరు. ఎప్పటి పాత వెర్షన్ కావాలన్నా వాళ్ళ సైట్లో దొరుకుతుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లైవ్‌ను తయారు చేసే ఏబుల్టన్ కంపెనీ ఇంకోలా చేసింది. 2010లో లైవ్ 8 అనుకున్న స్థాయిలో లేదని దాని అధిపతి బాహాటంగా రాసి, కొత్త ఫీచర్ల పని ఆపి తన ఇంజినీర్లను బగ్గుల మీదే కూర్చోబెట్టారు. అంతకుముందు ఏడాది ఆపిల్ తన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ స్నో లెపర్డ్‌ను కొత్త ఫీచర్లు లేవంటూనే వేదికెక్కించింది. జనం కొనుక్కున్నారు కూడా.

బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) అని చెప్పి ఇచ్చేవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. రిజాల్వ్ పెద్ద వెర్షన్లు ముందు పబ్లిక్ బీటాగానే వస్తాయి, ఆ మాట పేరులోనే ఉంటుంది. తెలిసి వేసుకున్నవాళ్ళు తెలిసే వేసుకుంటారు. ముందుగా జనంలోకి వదలకపోతే బగ్గులెలా తెలుస్తాయనే వాదనకు జవాబు కూడా అదే. వదలండి, పేరు నిజం చెప్పండి, పాతదాన్ని పక్కనే ఉంచండి.

తెలుగు అక్షరాల దగ్గర

పరీక్ష ఎవరి కోసం చేస్తారన్న ప్రశ్న మనకు ఎక్కువగా తగిలేది టైటిల్ దగ్గర. శుభలేఖ వీడియోలో శ్రీలక్ష్మి అని టైప్ చేస్తే, అక్షరాల రూపకల్పన తెలియని టెక్స్ట్ ఇంజిన్ క్ష కింద మ వత్తును అతికించలేదు. క పక్కన పొల్లు, ష పక్కన పొల్లు, ఆ తర్వాత నిండు మ, వాటిమీద ఎక్కడో గుడి. కొన్నిసార్లు వత్తు కింద చుక్కల సున్నా కనిపిస్తుంది. ఇందులో ఫాంట్ తప్పేమీ ఉండదు. వత్తు ఎక్కడ నిలవాలో, గుడి తలకట్టుతో ఎలా కలవాలో అన్న నియమాలు మండలి, రామభద్ర, సురన్న, పొన్నాల వంటి యూనికోడ్ ఫాంట్లలో లోపలే రాసి ఉంటాయి. ఇంజిన్ వాటిని చదవాలి, అంతే. లాటిన్ అక్షరాల కోసం రాసిన ఇంజిన్ చదవదు.

ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాలి. మార్చాక కొత్తగా టైప్ చేసిన టెక్స్ట్ సరిగ్గా వస్తుంది, అంతకుముందు చేసినవి చాలాసార్లు మళ్ళీ టైప్ చేయాల్సి వస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. అప్‌డేట్ తర్వాత వచ్చే చిక్కు ఏమిటంటే, ప్రిఫరెన్సులు రీసెట్ అయితే ఈ ఎంపిక మళ్ళీ మొదటికి వస్తుంది. ఇంగ్లిష్‌లో పనిచేసేవాడికి ఏ తేడా కనపడదు కాబట్టి ఇది విడుదలకు ముందు ఎవరి కంటా పడదు. మనకేమో పెళ్ళికూతురి పేరు విరిగిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లే దీనికి అతీతం కాదు. 2018 ఫిబ్రవరిలో జ, ఞ కలిసే ఒక తెలుగు అక్షర కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. 11.2.6 వచ్చేదాకా ప్రపంచమంతా ఆ అక్షరాన్ని చూసి భయపడింది.

నగరంలో ఇప్పటికీ ఎన్నో డీటీపీ సెంటర్లు పాత పద్ధతి అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లోనే పనిచేయడానికి కారణం ఇక్కడ వెతకాలి. 2001లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసి వీళ్ళు మారరని విసుక్కోవడం తేలిక. శుభలేఖకు సాయంత్రం ప్లేటుకు పంపాల్సిన ఆపరేటర్ వైపు నుంచి చూస్తే, నిన్న వచ్చిన అక్షరం ఇవాళా అలాగే వస్తుందన్న హామీ అక్కడ ఉంది. దానికి వాళ్ళు చెల్లిస్తున్న ధర కూడా పెద్దదే. అనులో టైప్ చేసిన టెక్స్ట్ యూనికోడ్ కాదు కాబట్టి సెర్చ్‌లో దొరకదు, వెబ్‌లో పెట్టాలంటే కన్వర్టర్‌లో వేసి వత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. కొత్తదాన్ని నమ్మగలిగే స్థితి ఉంటే వాళ్ళలో చాలామంది ఎప్పుడో మారేవాళ్ళని నా నమ్మకం.

ప్రతి క్రాషూ బగ్ కాదు

కంపెనీని నిలదీయాలంటే ముందు మన వైపు శుభ్రంగా ఉండాలి. ఫోన్‌లో తీసిన వీడియోలో ఆడియో క్రమంగా జారిపోతే అది చాలావరకు వేరియబుల్ ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ ఉండడం) సమస్య. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చాక టైమ్‌లైన్‌లో వేయండి. ఎక్కువ రంగు వివరంతో తీసిన 10 బిట్ 4:2:2 హెచ్.264 ఫుటేజ్ ముక్కలుముక్కలుగా ఆడితే గ్రాఫిక్స్ కార్డు దాన్ని డీకోడ్ చేయలేకపోతోందని అర్థం. ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2 డీకోడింగ్ 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచే ఉంది. పాత కార్డులకు ప్రాక్సీలే (ఎడిటింగ్ కోసం తీసే చిన్న సైజు కాపీలే) మందు, 1280×720 చాలు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ 300 డీపీఐలో అంటే 10800×3600 పిక్సెళ్ళు. లేయర్ల మీద లేయర్లు పేర్చుకుంటూ పోయి ఫైలు 2 జీబీ దాటితే పీఎస్‌డీగా సేవ్ కాదు, అది ఆ ఫార్మాట్ హద్దు. పెద్ద ఫైళ్ళ ఫార్మాట్ పీఎస్‌బీగా సేవ్ చేయాలి.

నిజంగా క్రాష్ అయితే కారణం ఎవరిదో తేల్చడానికి విండోస్‌లోనే సాధనం ఉంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేసి రిలయబిలిటీ హిస్టరీ తెరవండి. ఆ రోజు మీద ఎర్ర గుర్తు నొక్కితే ఫాల్ట్ మాడ్యూల్ పేరు ఉంటుంది. అది ఎన్‌వీ అక్షరాలతో మొదలయ్యే డీఎల్‌ఎల్ అయితే ముందు ఎన్‌విడియా డ్రైవర్‌ను అనుమానించండి. గేమ్ రెడీ డ్రైవర్ తీసేసి స్టూడియో డ్రైవర్‌ను క్లీన్ ఇన్‌స్టాల్ చేయండి. ప్లగిన్ పేరు కనిపిస్తే దాన్ని ఫోల్డర్ నుంచి తీసి చూడండి. ఒక ప్రాజెక్టు ఒక్కటే కూలుతుంటే, కొత్త ఖాళీ ప్రాజెక్టు తెరిచి పాతదాన్ని ఇంపోర్ట్ చేయండి. అప్పటికీ కూలితే సీక్వెన్సులు సగం సగంగా ఇంపోర్ట్ చేస్తూ పోతే చెడిన క్లిప్ ఎక్కడుందో దొరుకుతుంది. ఇవన్నీ దాటి కూడా కూలుతుంటే అప్పుడు అది కంపెనీ తప్పే.

ఆషాఢంలో చేయాల్సిన పని

అప్‌డేట్‌కు మన దగ్గర సహజంగానే కాలం ఉంది. ఆషాఢంలోనో మౌఢ్యం రోజుల్లోనో పెళ్ళిళ్ళు ఉండవు. అన్ని పెద్ద వెర్షన్లనూ అప్పటిదాకా ఆపండి. అప్పటికి మొదటి రెండు మూడు సవరణలు వచ్చి ఉంటాయి. క్రియేటివ్ క్లౌడ్ యాప్ ప్రిఫరెన్సెస్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి రిమూవ్ ఓల్డ్ వెర్షన్ దగ్గర టిక్ తీసేయండి. చాలామంది పాత వెర్షన్ పోగొట్టుకునేది ఈ ఒక్క టిక్ వల్లే. రిజాల్వ్ అయితే పాత ఇన్‌స్టాలర్ దాచుకోండి, ప్రాజెక్ట్ మేనేజర్‌లో లైబ్రరీ మీద రైట్ క్లిక్ చేసి బ్యాకప్ తీయండి, నడుస్తున్న ప్రతి ప్రాజెక్టునూ విడిగా ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇంతకన్నా గట్టి భద్రత సీ డ్రైవ్ మొత్తాన్ని నకలు తీయడం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలో, సీ డ్రైవ్ ఉన్న డిస్క్ సైజుకు తగ్గని ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చుకుని, నకలు తీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లాతో డిస్క్ టు డిస్క్ క్లోన్ చేసి పక్కన పెట్టండి. ఇక్కడ సోర్స్ ఏదో టార్గెట్ ఏదో రెండుసార్లు చూసుకోండి, తిరగబడితే అసలుదే పోతుంది. క్లోన్ అయ్యాక సిస్టమ్ ఆపి రెండో ఎస్‌ఎస్‌డీ తీసేయండి, రెండూ కలిసి ఉండగా బూట్ చేస్తే విండోస్ తికమకపడుతుంది. కొత్త వెర్షన్ బెడిసికొడితే ఆ ఎస్‌ఎస్‌డీ మార్చుకుంటే నిన్నటి సిస్టమ్ నిన్నటిలాగే లేస్తుంది.

అప్పగించిన పెద్ద పనులకు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని కాపీ ఒకటి ఉండాలి. 1080 సైజు, సెకనుకు 25 ఫ్రేముల ప్రోరెస్ 422 (ఎడిటింగ్‌కు వాడే నాణ్యమైన వీడియో ఫార్మాట్) గంటకు సుమారు 55 జీబీ అవుతుంది, హెచ్‌క్యూ అయితే 83. మూడు గంటల పెళ్ళికి 165 జీబీ. దాంతోపాటు టైటిల్స్ లేని మాస్టర్, మాటలు, పాటలు వేరువేరుగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్ళు, ఫైనల్ కట్ ఎక్స్‌ఎంఎల్. ఎక్స్‌ఎంఎల్‌లో కట్స్, ఆడియో లెవెల్స్, సాదా సైజు మార్పులు వస్తాయి. ప్రీమియర్‌లో రంగులు దిద్దే లూమెట్రీ కలర్, ప్లగిన్లు, టైటిల్స్ రావు. అందుకే వీడియో కాపీ, ఎక్స్‌ఎంఎల్ రెండూ కావాలి.

కొత్త వెర్షన్‌ను పరీక్షించడానికి ఒక చిన్న ప్రాజెక్టు శాశ్వతంగా తయారుగా పెట్టుకోండి. అందులో ఒక ఫోన్ క్లిప్, మీ కెమెరా క్లిప్, రోజూ వాడే రెండు ప్లగిన్లు, మూడు గంటల పొడవున ఒక సీక్వెన్స్ ఉండాలి. చిన్న టైమ్‌లైన్‌లో కనపడని మెమరీ లీక్ (వాడిన మెమరీని వదలకపోవడం) పొడవాటి ఎక్స్‌పోర్ట్‌లోనే బయటపడుతుంది. ఒక తెలుగు టైటిల్ కూడా: శ్రీలక్ష్మి, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం, రాష్ట్రం, జ్ఞాపకం. రెండేసి వత్తులు, క్ష్మి, ష్ట్య, జ్ఞా అన్నీ ఇందులో పడతాయి. వీటిని యానిమేట్ చేసి అక్షరం అక్షరంగా కదిలించి చూడండి. కదలనప్పుడు బాగున్న వత్తు, ఒక్కో అక్షరంగా వచ్చే యానిమేషన్‌లో విడిపోవడం తరచూ కనిపించే తప్పు.

తప్పు దొరికితే గ్రూపుల్లో తిట్టి ఊరుకోకుండా కంపెనీకి రాయండి. దయచేసి రాయండి, ఎందుకంటే తెలుగు బగ్‌ను మనం తప్ప ఇంకెవరూ రాయరు. వెర్షన్‌తో పాటు బిల్డ్ నంబరు, విండోస్ వెర్షన్, డ్రైవర్ నంబరు ఇవ్వండి. కొత్త ఖాళీ ప్రాజెక్టులో మొదలుపెట్టి ఏం నొక్కితే తప్పు వస్తుందో ఒక్కో అడుగు రాయండి. రావాల్సింది ఏమిటో, వస్తున్నది ఏమిటో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. తెలుగు చదవలేని ఇంజినీరుకు విరిగిన శ్రీకీ సరైన శ్రీకీ తేడా బొమ్మలోనే తెలుస్తుంది. ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేదై ఉండాలి, లేకపోతే వాళ్ళు తమ సిస్టమ్‌లో ఆ తప్పును రప్పించలేరు. టెక్స్ట్‌ను బొమ్మగానే కాక యూనికోడ్‌లో టైప్ చేసి కూడా అతికించండి. అదే బగ్‌ను ఇంకెవరైనా ముందే రాసి ఉంటే కొత్తది తెరవకుండా దానికే మీ ఓటూ మీ వివరాలూ కలపండి. పది చోట్ల చెదిరిన పది ఫిర్యాదులకన్నా ఒకే చోట పేరుకున్న పది పేర్లు త్వరగా కంటపడతాయి.